అఫ్సా ఫోల్డరు

ఉయ్యూరు,
డిసెంబరు

అఫ్సా అక్కకి సలాం.

నిన్న ముక్కముక్కగా మెసేజీలు పెట్టానని తిట్టావుగా. ఫోను టింగు టింగుమంటే మీ షాపు మేడం లాక్కుంటదని, ఉత్తరంలాగా ఒకేసారి రాయమని, పైన ఊరి పేరు పెట్టి సలాం పెడితేనే చదువుతానని అన్నావు. అందుకే ఇట్టా రాస్తన్నా. ఎనిమిదిలో బడి మానేసినోణ్ణి ఉత్తరం రాయమంటే ఎట్టా వచ్చిద్దక్కా. తప్పులుంటే నవ్వుకో. నాకు మాత్రం చెప్పమాక.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. నాన్న మిషన్ పక్కనే ఉంటాడు. నీ పేరు వినపడితే చేతిలో కత్తెర కింద పెట్టి బయటికి పోతాడు. నాకా, మాట్లాడాలంటే గొంతు రాదు. రాయడం కాస్త నయం.

సంగతేంటంటే మన షాపులో డిజైన్లుండే కంప్యూటరు పోయేటట్టుంది. లోపల హార్డు డిస్కు టక్ టక్ మంటంది. ఎంబ్రాయిడరీ మిషన్లో సూది విరిగే ముందు ఒక మోత వచ్చిద్దే, అట్టా. నాన్నకి చెప్తే బెజవాడ పోయి బయట తగిలించుకునే డిస్కు కొనుక్కొచ్చాడు. అరచేతిలో పట్టిద్ది. అన్నీ దీంట్లోకి ఎక్కించెయ్ అన్నాడు.

కాపీ పెట్టా. రోజూ వాడే డిజైన్లు ఎక్కినయ్. కస్టమర్ల ఫొటోలు ఎక్కినయ్. నీ పేరుతో ఉందే, అఫ్సా అనే ఫోల్డరు, అక్కడికొచ్చి ఆగింది. పర్మిషన్ లేదంటంది. కంటిన్యూ నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతంది. ఆ డబ్బాలో పైన నీ పేరే ఉంది.

నాన్నని అడిగితే "దాని జోలికి పోమాక. తాళం వేసినోళ్లే తియ్యాలి" అన్నాడు.

అక్కా, పోయినేడాది బెజవాడ పనికి వెళ్లేముందు తాళం వేశావా?

కంకిపాడు సంపూర్ణమ్మ గారు వచ్చింది. ఆమె పెద్దమ్మాయి పెళ్లికి నువ్వు నెమలి జాకెట్టు చేశావుగా, వీపు మీద నెమలి కూర్చుని తోక నడుం దాకా జారుద్దే. రెండో అమ్మాయి సాయిశ్రీకి కూడా అదే కావాలంట. పెళ్లి మాఘమాసంలో. నాన్న "అది పాతబడిందండీ, కొత్తవి చూపిస్తా" అన్నాడు. ఆమె ఊరుకుంటదా, "నెమలికి ముసలితనం వచ్చిద్దా సైదావలీ" అంది. నాన్న నవ్వలా.

నెమలి ఆ ఫోల్డర్లోనే ఉంది. నువ్వు చేసినవన్నీ దాంట్లోనే. డిస్కు ఆగితే అన్నీ పోతయ్. నేను రాసినట్టు నాన్నకి తెలియకూడదు.

ఆసిమ్


పటమట,
డిసెంబరు

ఒరేయ్ ఆసిమ్,

తాళం వేసినోళ్లే తియ్యాలి అన్నాడా? అచ్చంగా అదే అన్నాడా, నువ్వు కలిపి చెప్తన్నావా?

ఆ తాళం నేనూ నాన్నా కలిసి వేసిందేరా. ఒకడు జాకెట్టు బేరానికి వచ్చినట్టు వచ్చి, నేను మంచినీళ్లు తెచ్చేలోపు పెన్‌డ్రైవు గుచ్చి నా మామిడిపిందెల డిజైను ఎత్తుకుపోలా? నెల తిరక్కుండా పామర్రులో ఏ షాపు చూసినా మన పిందెలే. అప్పుడు నాన్నే అన్నాడు, నీ చేత్తో చేసినవి నువ్వు తప్ప ఇంకెవరూ తెరవకుండా చెయ్యమ్మా అని. నా లాగిన్‌లోంచి అయితేనే తెరుచుకునేలా పెట్టా. అంతే. వచ్చేటప్పుడు కొత్తగా ఏదీ వెయ్యలా.

ఆ రోజు గొడవ నీకూ తెలుసు. బెజవాడలో పని దొరికిందంటే "మన చేతి పని పట్టుకెళ్లి పరాయి షాపులో పోస్తావా" అన్నాడు. "చేతులే పట్టుకెళ్తన్నా, డిజైన్లు కాదు, అవన్నీ ఇక్కడే ఉంటయ్" అన్నా. అన్నట్టే ఒక్క ఫైలు కూడా తెచ్చుకోలా. ఇంతకంటే ఏం చెయ్యాలి?

సర్లే. నా పాత పాస్‌వర్డ్ నానమ్మ పేరు, ఇంగ్లీషులో, అన్నీ చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీ లేకుండా. జమాల్ బీ. కొట్టి చూడు.

ఒకటి గుర్తుపెట్టుకో. కాపీ చెయ్, కట్ చెయ్యమాక. చచ్చిపోయే డిస్కులోంచి కట్ చేస్తే మధ్యలో ఆగిపోయి అటూ ఉండదు, ఇటూ ఉండదు. ఊరికే ఆన్ చేసి ఆఫ్ చెయ్యమాక.

నేను బాగున్నా. ఇక్కడ మిషన్లు చాలా పెద్దవి, ఒకేసారి వరసగా బోలెడు జాకెట్లు కుడతయ్. నాకు డిజైనర్ సీటు ఇచ్చారు. నాన్న అడిగితే చెప్పు. అడగడులే.

అక్క


ఉయ్యూరు,
డిసెంబరు ఆఖరు

అక్కకి సలాం.

నీ పాస్‌వర్డ్ పని చేయలా.

నాన్న జుమ్మా నమాజుకి పోయినప్పుడు చూద్దామని, కడుపునొప్పి అని చెప్పి ఆగిపోయా. నాన్న మలుపు తిరిగాక కూర్చుని నువ్వు చెప్పినట్టే కొట్టా. తప్పంది. పెద్దక్షరాలు కొట్టా. తప్పంది. ఇంతలో నానమ్మ వాము కషాయం పట్టుకుని షాపులోకే వచ్చేసింది. "కడుపునొప్పికి కంప్యూటరు మందా రా?" అంది. గ్లాసు ఖాళీ అయిందాకా పక్కనే నిలబడింది. అది తాగాక నిజంగానే నొప్పొచ్చింది.

నానమ్మకి చెప్పేశా, నీతో మాట్లాడుతున్నానని. "నా కొడుక్కి చెప్పన్లే. తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకే చెట్టు కొబ్బరికాయలు. ఎవరో ఒకళ్లు కొట్టాలి, వాటంతటవే పగలవు" అంది.

ఇంకో సంగతి ఉంది. నీకు బాధేసిద్దని చెప్పలా. నువ్వెళ్లిన వారంలోనే కంప్యూటరుకి వైరసు పట్టింది. రిపేరు రత్తయ్య బాబాయి తీసుకుపోయి ఫార్మాట్ కొట్టి తెచ్చాడు. డి డ్రైవులో ఉన్నవి ఎక్కడికీ పోవు అన్నాడు. నీ ఫోల్డరు డి లోనే ఉంది, కనపడుతంది, కానీ అప్పటి నుంచే తెరుచుకోట్లా. నాన్న మళ్లీ మళ్లీ నొక్కాడు. ఆఖరికి "వెళ్తా వెళ్తా తాళం వేసి పోయింది" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలా. అక్కా, నువ్వు చేసేదానివి కాదని నాకు తెలుసు. కానీ నాన్నతో ఆ మాట అనడానికి నోరు రాలా.

నేను షాపు అనే లాగిన్‌లోంచి పని చేసుకుంటా. రెండోది ఉంది, నీ పేరుతో. దాన్ని ఎవరూ తెరవరు.

టక్ టక్ ఎక్కువైంది.

ఆసిమ్


పటమట,
జనవరి

ఒరేయ్ పిచ్చోడా,

ఫార్మాట్ కొట్టారని ముందు చెప్పాలి గదరా!

ఏడాదిగా నాన్న నా మీద అదే మనసులో పెట్టుకున్నాడా? నేను తాళం వేసి పారిపోయానని? నీ మెసేజి చదివి మిషన్ దగ్గర దారం మార్చడం మర్చిపోయా. ఎర్ర నెమళ్లు కుట్టేసింది. మేడం చేత తిట్లు తిన్నా.

విను. కంప్యూటరుకి పేర్లతో పని లేదు. లాగిన్ పెట్టినప్పుడు మనిషికో పొడుగాటి నంబరు లోపల రాసుకుంటది. ఫోల్డరు ఎవరిదంటే ఆ నంబరుదే. ఫార్మాట్ కొట్టగానే నా పాత నంబరు పోయింది. తర్వాత అఫ్సా అనే పేరుతోనే ఇంకో లాగిన్ పెట్టినా దానికి వేరే నంబరు పడుద్ది. మన మసీదు వీధిలో నాన్న కాకుండా ఇంకో సైదావలి ఉన్నాడుగా. పేరు ఒకటేనని ఆయన రేషన్ నాన్నకిస్తారా? అట్టాగే, ఈ అఫ్సా వేరే అఫ్సా అనుకుని ఫోల్డరు తలుపు తియ్యట్లా. తాళం నేను వెయ్యలా, ఎవరూ వెయ్యలా. ఆ ఫోల్డరుకి మనిషి లేకుండా పోయింది, అంతే.

తెరవొచ్చు. కానీ నాకొక భయముంది. అప్పట్లో తాళం పెట్టేటప్పుడు ఎన్‌క్రిప్ట్ అని ఇంకో గడి ఉంటది, దాంట్లో కూడా టిక్కు పెట్టానేమో గుర్తు రావట్లా. పెట్టి ఉంటే ఆ తాళంచెవి ఫార్మాట్‌తోనే పోయి ఉంటది. నేనొచ్చినా తెరవలేను. ఫోల్డరు తెరుచుకున్నాక ఫైళ్ల పేర్లు ఆకుపచ్చగా కనపడితే ఇక ఆశ వదిలేసుకోవడమే. నల్లగా ఉంటే అన్నీ మనవే.

తెరవాలంటే కంప్యూటర్లో పెద్ద లాగిన్ కావాలి, ఏదైనా మార్చే హక్కు ఉన్నది. పాస్‌వర్డ్ డబ్బాలో నా పేరు ఉందన్నావుగా, అంటే ఆ పెద్ద లాగిన్ నా పేరుతో ఉన్నదే. నాకు అర్థం కానిది అదే. ఫార్మాట్‌తో నా పేరు పోవాలి. మళ్లీ ఎవరు పెట్టారు? రత్తయ్య బాబాయిని అడుగు. నాన్నకి తెలియకుండా.

అక్క


ఉయ్యూరు,
జనవరి

అక్కకి సలాం.

రత్తయ్య బాబాయి షాపు ముందు చెరుకు ట్రాక్టర్లు ఇరుక్కుపోయినయ్, చక్కెర ఫ్యాక్టరీ దాకా ఒకటే వరస. అవి కదిలిందాకా అవతల పక్కనే నిలబడ్డా. నిజం చెప్పాలంటే కదిలాక కూడా కాసేపు నిలబడ్డా. ఎట్టా అడగాలో నోట్లో సర్దుకుంటన్నా. బాబాయే చూసి "ఏరా, నా షాపుకి దిష్టి పెడతన్నావా?" అని పిలిచాడు.

అడిగా. ఆయన ఏమన్నాడో అట్టనే రాస్తన్నా.

"మీ నాన్నే పెట్టమన్నాడురా. షాపు అని ఒక్కటే పెడితే సరిపోద్దిగా అన్నా. వద్దు, అమ్మాయి పేరు మీద పెద్దది పెట్టు, పిల్లాడికి చిన్నది పెట్టు అన్నాడు. ఆ పిల్ల లేదుగా అన్నా. పేరు ఉంటే ఫోల్డరు తెరుచుకుంటదేమోలే అన్నాడు. తెరుచుకోలా. అయితే తీసేస్తానయ్యా అంటే, ఉండనీ, అదేం అన్నం అడుగుతందా అన్నాడు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నన్ను గోడ వైపు తిరగమన్నాడు."

అక్కా, రోజూ పొద్దున షాపు తెరిచేది నాన్నే. కంప్యూటరు ఆన్ చేసేదీ ఆయనే. నేను పొయ్యేసరికి తెర మీద నీ పేరు, నేను వాడే షాపు లాగిన్ పక్కపక్కన ఉంటయ్. ఏదీ నొక్కడు. నేనొచ్చి నాది నొక్కుకోవాలి. చేతకాక నొక్కడేమో అనుకునేవాణ్ణి.

పాస్‌వర్డ్ నాన్న దగ్గర తప్ప ఎక్కడా లేదు. నేను అడగలేను. నువ్వే ఫోన్ చెయ్.

ఇంకోటి. ఎవరికీ చూపించలా, నీకు చెప్తన్నా. షాపు ఖాళీగా ఉన్నప్పుడు నేనొక డిజైను చేశా. చెరుకు ఆకులు, చేతుల అంచుకి. ఆకు కొన దగ్గర దారం ముద్దకట్టేస్తంది. ఎట్టా సరిచెయ్యాలో తెలియట్లా.

ఆసిమ్


పటమట,
జనవరి

ఆసిమ్,

నీ మెసేజి వచ్చి చాలా రోజులైంది. రాయడానికి చెయ్యి రాలా.

నా పేరు అక్కడ ఉంచాడంటే ఎట్టా ఉందో నీకు చెప్పలేను. ఫోన్ చేస్తే నేను ఏడుస్తా, ఆయన పెట్టేస్తాడు, ఈలోగా డిస్కు పోయిద్ది. అందుకని నువ్వే అడగాలి. నువ్వు మధ్యవర్తివని కాదు. ఆ షాపు ఇప్పుడు నడుపుతున్నది నువ్వు. డిజైన్లు పోతే మిషన్ ముందు ఖాళీగా కూర్చునేదీ నువ్వే. నీ పనికి కావాల్సింది నువ్వు అడుగుతన్నావ్. తల దించుకోమాక.

నీకు ఇంకోటి చెప్పాలి. డిజైనర్ సీటు అన్నానుగా. ఇంకొకళ్లు చేసిన డిజైన్లలో రంగులు మారుస్తా, ఆర్డరు ఎక్కువుంటే దారాలు కత్తిరిస్తా. అంతే. పెన్‌డ్రైవు పెట్టే బెజ్జాలన్నిటికీ ఇక్కడ బిళ్లలు అతికించి ఉంటయ్. ఏం చేసినా షాపుదే, బయటికి ఒక్కటి రాదు. పక్క వీధిలో ఇంకో బొటిక్ ఉంది. వాళ్లు నిజంగానే డిజైనర్ కోసం చూస్తన్నారు. నీ సొంత పని పట్టుకురా, చూసి చెప్తాం అన్నారు. ఏం పట్టుకెళ్లను? నాదంటూ ఉన్నదంతా ఉయ్యూర్లో టక్ టక్ మంటంది.

నాన్నతో ఇది చెప్పమాక.

ఆకు కొన దగ్గర కుట్లు తగ్గించు. కొన దాకా ఒకే ఒత్తుగా కుట్టిస్తే ముద్ద కడుద్ది. చివరికి పోయేకొద్దీ పల్చన చెయ్. చెరుకు ఆకా! నాకెందుకు తట్టలా ఇన్నేళ్లు ఆ ఊళ్లో ఉండి?

అక్క


ఉయ్యూరు,
జనవరి ఆఖరు

అక్కకి సలాం.

అడిగా.

సంపూర్ణమ్మ గారు సాయిశ్రీని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. గుమ్మంలోనే "ఏం సైదావలీ, నెమలి గూట్లో ఉందా, ఎగిరిపోయిందా?" అంది. నాన్న "చెప్పా కదమ్మా, అది..." అన్నాడు. నా నోట్లోంచి ఎట్టా వచ్చిందో నాకే తెలియదు. "ఉందండీ. తీసిస్తాం" అన్నా.

"ఓరినీ! నీకు మాటలొచ్చా? ఇన్నాళ్లూ పాపం మూగపిల్లాడనుకున్నానే!" అంది ఆమె. సాయిశ్రీ ఫక్కుమంది. నేను మిషన్ ఫ్రేము వెనక్కి పోయా.

వాళ్లు పోయాక నాన్న గుమ్మం దగ్గర తెల్ల గుడ్డ దులుపుతున్నాడు. ఫ్యాక్టరీ ఆడే కాలంలో మసి ఎట్టా పడుద్దో నీకు తెలుసుగా. అటు తిరిగే "ఎట్టా తీస్తావురా?" అన్నాడు.

"అక్కని అడిగా నాన్నా" అన్నా.

నేనే చెప్పుకుంటా పోయా. నంబరు సంగతి, ఫార్మాట్ సంగతి, రెండో సైదావలి రేషన్ సంగతి. "అక్క తాళం వెయ్యలా నాన్నా. కంప్యూటరే అక్కని మర్చిపోయింది" అన్నా. గుడ్డ మీద మసి ఎప్పుడో పోయింది, ఇంకా దులుపుతానే ఉన్నాడు. తర్వాత "ఆ పేరు నేను పెట్టించానని ఆమెకి తెలుసా?" అన్నాడు. "రత్తయ్య బాబాయి చెప్పాడు" అన్నా. "వాడి నోట్లో నువ్వుగింజ నానదు" అని లోపలికొచ్చాడు.

వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తువ్వాలు తీసి చేతుల మీద కప్పుకుని, దాని కింద ఒక్కో అక్షరం వెతుక్కుంటా పాస్‌వర్డ్ కొట్టాడు. నానమ్మ "ఏందిరా, అన్నం దొంగతనంగా తింటన్నావా?" అంది.

లోపలికెళ్లాక కంటిన్యూ నొక్కితే, ఇక్కడ కూడా పర్మిషన్ లేదు, సెక్యూరిటీలోకి పోయి చూసుకోమంది. నాన్న నావైపు చూశాడు. ఏం చెయ్యాలో ఆమెనే రాయమను అన్నాడు. గబగబా రాయక్కా. ఇవాళ కంప్యూటరు ఆన్ అయ్యేలోపు వీధి చివరికి పోయి టీ తాగొచ్చాం.

ఇంకా పటమటలో చలి ఎక్కువగా ఉందా. హాస్టల్లో కూరలు తినేట్టు ఉంటాయా. స్వెట్టరు ఇక్కడే బీరువాలో ఉండిపోయింది.

ఆసిమ్


పటమట,
జనవరి ఆఖరు

ఒరేయ్ ఆసిమ్,

ఆఖర్న ఉన్న మూడు ముక్కలు నువ్వు రాసినవి కాదు. పుట్టినప్పట్నుంచి ఇంతవరకు నువ్వు నన్ను అన్నం తిన్నావా అని కూడా అడగలా. రాయించినాయనకి చెప్పు, చలి ఉంది, కూరలు నీళ్లనీళ్లగా ఉంటయ్, స్వెట్టరు గుర్తొస్తానే ఉంటది.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. ఒకళ్లు చదవండి, ఒకళ్లు నొక్కండి.

కరెంటు ఉన్నప్పుడే మొదలుపెట్టండి. పెద్ద లాగిన్‌లోకి వెళ్లి నా ఫోల్డరు మీద మౌసు కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తియ్యండి. దాంట్లో సెక్యూరిటీ, దాంట్లో అడ్వాన్స్‌డ్. పైన ఓనర్ అని ఉంటది. పక్కన ఛేంజ్ నొక్కి అఫ్సా అని కొట్టండి. ఓకే అనగానే కింద చిన్న గడి ఒకటి వచ్చిద్ది, లోపలున్న వాటన్నిటికీ ఓనర్‌ని మార్చాలా అని. ఆ టిక్కు మర్చిపోతే పై తలుపు తెరుచుకుని లోపలి గదులు మూసే ఉంటయ్. తర్వాత పర్మిషన్లు కూడా నీకే ఇచ్చెయ్యాలా అని అడుగుద్ది. ఎస్ నొక్కండి. నడవనివ్వండి, మధ్యలో ఆపమాకండి. అయ్యాక తెర మీద కిటికీలన్నీ మూసి ఫోల్డరు కొత్తగా తెరవండి.

ఇది ఈ ఒక్క ఫోల్డరుకే. సి డ్రైవు మొత్తానికి చేశారంటే కంప్యూటరు అసలు లేవదు. ఆసిమ్, నీ చెయ్యి ఊరుకోదు, నీకే చెప్తన్నా.

తెరవగానే రంగు చూడండి.

నల్లగా ఉంటే కాపీ. అంతా ఒక్కసారి కాదు, కొంచెం కొంచెం. ఏదన్నా ఫైలు దగ్గర ఇరుక్కుంటే స్కిప్ నొక్కి ముందుకు పోవాలి. దానికోసం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే డిస్కు అక్కడే ప్రాణం వదిలేసిద్ది, మిగతావి పోతయ్. ఏదైనా సరే స్కిప్. నెమలైనా సరే.

ఇంకో సంగతి. కాపీ అయినవాటికి పాత తాళం వెంట రాదు. ఆ డిస్కు ఎవరి చేతికి దొరికినా తెరుచుకుంటది. నాన్న బీరువాలో పెట్టుకోమను.

అక్క


ఉయ్యూరు,
ఫిబ్రవరి

అక్కకి సలాం.

నాన్న కళ్లజోడు పెట్టుకుని నీ మెసేజి పైకి చదివాడు, నేను నొక్కా. నమాజు చదివినంత నిదానంగా చదివాడు. అంత నిదానం కాబట్టే తప్పు పోలా.

ఓనర్ అన్నచోట ఎవరో చూపించలేకపోతన్నా అని ఉంది ఇంగ్లీషులో. నేను కూడబలుక్కుని చదివా. నాన్న "పాపం" అన్నాడు. ఎవర్నో తెలియలా. ఛేంజ్ నొక్కా. అఫ్సా అని నాన్నే కొడతానన్నాడు. ఈసారి తువ్వాలు కప్పుకోలా. ఓకే అనగానే ఓనర్ పక్కన నీ పేరు పడింది. "పడింది చూడు, పడింది" అని నానమ్మని పిలిచాడు. నానమ్మకి ఇంగ్లీషు రాదు, అయినా వచ్చి చూసి తలూపింది.

ఎస్ నొక్కాక ఫైళ్ల పేర్లు చకచకా పరుగెత్తినయ్. అంతా అయ్యాక ఫోల్డరు మీద నొక్కాలి. నొక్కేశా. నాన్న "ఆకుపచ్చా, నలుపా?" అంటన్నాడు, కళ్లు మూసుకుని.

నలుపు అక్కా. అన్నీ నలుపే. కాటుక నలుపు.

మామిడిపిందెలు, హంసలు, ఏనుగులు, మల్లెమొగ్గల వరస, నానమ్మ గాజుల చుక్కలు చూసి చేశావే అది, అన్నీ ఉన్నయ్. కొంచెం కొంచెంగా ఎక్కించాం. డిస్కు మూలిగినప్పుడల్లా నాన్న దాని మీద చెయ్యి వేస్తన్నాడు, జ్వరం చూసినట్టు.

నెమలి దగ్గర ఆగింది.

నేను ఆగిపోయా. మళ్లీ ప్రయత్నించు అనే బటన్ మీదే ఉంది నా చెయ్యి. నాన్నే అన్నాడు, "ఆమె స్కిప్ అంది. స్కిప్ నొక్కు." నొక్కా. మిగతావన్నీ ఎక్కినయ్. ఆఖరిది ఎక్కాక బయట డిస్కు తీసి నాన్న జేబులో పెట్టుకున్నాడు. నెమలి కోసం ఇంకొక్కసారి చూద్దాం అని తిరిగేసరికి తెర నీలంగా అయిపోయింది. మళ్లీ లేవలా. రత్తయ్య బాబాయి వచ్చి చెవి పెట్టి విని, తలకాయ అడ్డంగా ఊపాడు.

నెమలి పోయిందక్కా. మిగతావి ఉన్నయ్.

నాన్నకి నీ పని సంగతి చెప్పేశా. చెప్పొద్దన్నావు, తెలుసు. ఇంక నేనే ఒక తాళం వేసుకుని కూర్చోవాలంటే నావల్ల కాలా.

ఆసిమ్


ఉయ్యూరు,
ఫిబ్రవరి

అఫ్సాకి నాన్న.

వీడి ఫోనులో నేనే కొడుతున్నా. ఒక్క వేలే. ఆలస్యం అయిద్ది.

డిస్కులో ఉన్నదంతా ఇంకో డిస్కులోకి కూడా ఎక్కించాము. అది నీది. నువ్వు అక్కడున్నా, ఇంకో షాపుకి పోయినా, ఇక్కడికి వచ్చినా నీ పని నీ దగ్గర ఉండాలి. పిల్లాడికిచ్చి పంపిస్తా.

సంపూర్ణమ్మ గారికి నెమలి పోయిందని నేనే చెప్పాను. తిడుద్దనుకున్నా. పెద్దమ్మాయి జాకెట్టు ఇంట్లోనే ఉందంట, చూసి మళ్లీ చెయ్యొచ్చుగా అంది. నెమలి చెయ్యడం నాకు రాదు, వీడికి రాదు. చేసినోళ్లు పటమటలో ఉన్నారు అన్నాను. అయితే కబురు చెయ్, నాకు ముహూర్తం దగ్గర పడింది అంది. కబురు చేస్తున్నా.

వీడి చెరుకు ఆకు సాయిశ్రీ చూసింది. చేతులకి అదే వెయ్యమంది. కొన బాగా వచ్చింది.

రత్తయ్య వేరే కంప్యూటరు తెచ్చి పెట్టాడు. పేరేం పెట్టమంటావయ్యా అన్నాడు. పాత పేరే అన్నాను. పాస్‌వర్డ్ అడిగాడు. ఖాళీగా ఉంచు, ఆమె వచ్చి పెట్టుకుంటది అన్నాను.

నువ్వు తాళం వేశావనుకున్నా. వెయ్యలేదని నాకు తెలియాల్సింది.


పటమట,
ఫిబ్రవరి

నాన్నకి సలాం.

డిస్కు పంపించొద్దు. నేనే వచ్చి తీసుకుంటా. ఆదివారం పొద్దున బస్సుకి వస్తన్నా. సోమవారం కూడా సెలవు చెప్పా, మేడం మొహం మాడ్చుకుంది. మాడ్చుకోనీ.

సంపూర్ణమ్మ గారి దగ్గర్నుంచి పెద్దమ్మాయి జాకెట్టు తెప్పించి ఉంచండి. ఉతికిందే ఇవ్వమనండి. మొదటిసారి చేసినప్పుడు నెమలి మెడ కొంచెం పొట్టిగా వచ్చింది, ఆమెకి చెప్పలా. ఈసారి సరిగ్గా చేస్తా. ఆసిమ్ పక్కన కూర్చుని చూడాలి, రేపు నేను లేకపోయినా చెయ్యడానికి. వాడికి కూడా వాడి పేరుతో లాగిన్ పెట్టించండి, ఇంకా షాపు ఏంటి? చెరుకు ఆకు వాడి ఫోల్డర్లో ఉండాలి.

పాస్‌వర్డ్ నలుగురం కూర్చుని పెడదాం. నానమ్మకి కూడా నోరు తిరిగేది.

మీరు తువ్వాలు కింద ఏం కొట్టారో చెప్పక్కర్లేదు. నేను అడగను.

స్వెట్టరు మాత్రం బీరువాలోంచి తీసి ఎండలో వెయ్యండి.

అఫ్సా